జానెడు పడుగు

కనకదుర్గ బొటనవేలిని బొమ్మ పై అంచుకి ఆనించి, చిటికెనవేలిని కిందికి చాచింది. ఒకటి. చిటికెనవేలు ఆగినచోటికి బొటనవేలిని జరిపింది. రెండు. మూడు. నాలుగు. అక్కడ వేలికి ఫ్రేము చెక్క తగిలింది.

మళ్ళీ కొలిచింది, ఈసారి కింది నుంచి పైకి. నాలుగే.

ఇంట్లో గోడకి ఆనించి ఉన్నప్పుడు ఈ బొమ్మ ఐదు జానెలు. నాలుగు నెలలపాటు, రోజూ పొద్దున్న ఫెర్రీ ఎక్కేముందు గంటన్నర, ఆదివారాలు పూర్తిగా, దాని ముందు కూర్చుంది. ముందు నిలువు గీతలు వేసింది, ఆరువందల నలభై. అవి ఆరాక అడ్డగీతలు. ప్రతి అడ్డగీతా ఒక నిలువు గీత మీదుగా వెళ్ళి, పక్కదాని కిందుగా దూరాలి. కిందుగా దూరేచోట కుంచె ఎత్తాలి, మీదుగా వెళ్ళేచోట ఆనించాలి. ఎత్తడం, ఆనించడం. స్కేలు వాడదు. ఆఫీసులో రోడ్లకీ కల్వర్టులకీ కంప్యూటరు గీసే తిన్నని గీతల్ని రోజంతా చూస్తుంది. ఇంట్లో మాత్రం చెయ్యి ఎంత చలిస్తే గీత అంత చలించాలి. దూరం నుంచి చూస్తే అది ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే గుడ్డ మాయమై, ఒక మనిషి ఊపిరి లెక్క కనిపిస్తుంది.

చివరి జానెలోకి వచ్చాక, నాలుగు వేళ్ళ మేర అల్లి, అడ్డగీతలు ఆపేస్తుంది. అక్కణ్ణుంచి నిలువు గీతలే, దేన్నీ పట్టుకోకుండా, ఖాళీ కేన్వాసు మీదికి దిగి ఆగిపోతాయి. పదిహేనేళ్ళుగా ఆమె వేసిన ప్రతి బొమ్మా అలాగే ముగుస్తుంది. మిగతా బొమ్మంతా ఆ చివరి జానెకి చేరుకోవడానికే వేస్తుంది.

ఆ జానె ఇప్పుడు లేదు.

"ఏటమ్మా, బట్టల షాపులోలాగ కొలిచీస్తన్నావు?"

సన్యాసిరావు నవ్వుతూ వెనకనుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కాంట్రాక్టులు చేసి, పోర్ట్‌బ్లెయిర్లో ఈ ఏడే సొంత హోటలు కట్టుకున్నాడు. లాబీలో ఇంకా రంగువాసన పోలేదు. సోఫాల మీద ప్లాస్టిక్ కాగితం తియ్యలేదు.

"బాగా కుదిరింది కదా? ఇటు ఏసీ, అటు స్విచ్‌బోర్డు. మధ్యలో కరెక్టుగా మూడడుగులు. నీ బొమ్మ చూస్తే పొడుగు. అడుగున ఖాళీయే కదా, ఏటీ లేదు కదా అనీసి ఉమేష్‌కి కాట్ దో అన్నాను."

"కోసేశారా?"

"ఫ్రేమంటే కొయ్యకుండా ఎలాగమ్మా?"

"నన్నొక మాట అడగాలి కదండీ."

"అడిగితే వద్దందువు." ఆయన అందులో దాపరికమేమీ పెట్టుకోలేదు. "నేను సముద్రం వెయ్యమంటే నువ్వు చాపేసినావు. నేనేమైనా అన్నానా? మన తెలుగు పిల్ల, మన హోటల్లో మన పిల్ల బొమ్మే ఉండాల అన్నాను. ఓపెనింగు కార్డుల్లో నీ పేరు కూడా కొట్టించాను."

కనకదుర్గ బొమ్మ కింది అంచుకేసి చూసింది. అల్లిక అల్లికగానే వచ్చి చెక్కకింద దూరిపోయింది. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ వదల్లేదు. హాయిగా, పూర్తిగా ఉంది. అదే ఆమెకి భరించరానిదిగా తోచింది.

"దీన్ని నాకు తిరిగిచ్చెయ్యండి. సోమవారం వచ్చి తీసుకెళ్తాను."

సన్యాసిరావు నవ్వు మానేశాడు. గోడకేసి చూశాడు, అప్పుడే అక్కడ కన్నం పడినట్టు. "శుక్రవారం ఓపెనింగమ్మా," అన్నాడు.

"సోమవారం వస్తాను," అని ఆమె మెట్లు దిగింది.

ఉమేష్ ఫ్రేముల కొట్టు రెండు వీధుల అవతల. వాడు ఈ దీవుల్లోనే పుట్టినవాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఆమెని చూడగానే చేతిలో రంపం కింద పెట్టాడు.

"దీదీ, మేరీ గల్తీ నహీ. సేఠ్ చెప్పాడు, నేను కోశాను."

"కొయ్యకపోతే వెనక్కి మడవలేవా?"

"మడిస్తే మోటా అయిపోద్ది, లావెక్కిపోద్ది దీదీ, కార్నర్ కూర్చోదు." చెప్పి, కౌంటరు వెనక వంగి, వార్తాపత్రిక చుట్టిన చిన్న కట్ట తీశాడు. దానిమీద హిందీ అక్షరాల్లో ‘దుర్గా దీదీ’ అని రాసి ఉంది. "పారేద్దామనుకున్నాను. మళ్ళీ మనసొప్పలేదు. ఖాళీ అంటాడు సేఠ్, ఖాళీ ఎక్కడుంది? ఇందులో కూడా మెహనత్ ఉంది, కష్టం ఉంది."

ఆమె కట్ట తీసుకుంది. అది చేతిలో ఏమీ బరువు లేదు.

చాతం రేవులో ఫెర్రీ కోసం నిలబడ్డప్పుడు సామిల్లు వైపు నుంచి తడిసిన చెక్క వాసన వచ్చింది. అక్కడే ఆమె నాన్న యర్రయ్య ముప్పై ఎనిమిదేళ్ళు దుంగలమీద గుర్తులు పెట్టాడు. కట్టని గుండెకి ఆనించుకుని, ఆమె ఆ వాసనలో ఎప్పట్లాగే నాన్న కోసం వెతుక్కుంది. ఒకే ఇంట్లో ఉన్న మనిషి కోసం ఇంత దూరాన వెతుక్కోవడం ఆమెకి కొత్తకాదు.

పదేళ్ళప్పుడు ఆయన ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున పాత పంచెలో చుట్టి ఒక వింత వస్తువుంది. పొడుగాటి దువ్వెనలా వెదురు పళ్ళు. పళ్ళకి ఒకపక్క ఎర్ర అంచుతో నాలుగు వేళ్ళ గుడ్డ. రెండోపక్క ఏ అల్లికా లేకుండా వేలాడే దారాలు. అంతా కలిపి జానెడు పొడవు. ఆమె వాటిని వేళ్ళతో దువ్వుతూ కూర్చుంది. నాన్న లోపలికొచ్చి చూసి చెంపమీద కొట్టాడు. జీవితంలో ఆయన కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకో చెప్పలేదు. ఆమే చెప్పుకుంది: నాన్న నేతపని వాళ్ళ పిల్లాడు, నేస్తున్న చీరని సగంలో వదిలేసి ఓడెక్కాడు, ఆ వేలాడే దారాలు ఆయన దుఃఖం.

పెద్దయ్యాక ఆ దుఃఖాన్నే గీస్తూ వచ్చింది. ఒకసారి పోర్ట్‌బ్లెయిర్లో హాలు తీసుకుని బొమ్మలు పెట్టినప్పుడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుని, రోడ్డువైపు తిప్పుకుని, టీ తాగుతూ కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఆయన వీపు చూస్తూ ఆమె మనసులో ఒక్క మాటే అడిగింది. బాగుందని కాదు. చూశాను, అంటే చాలు.

*

ఆదివారం పొద్దున్న హోప్ టౌన్‌లో, వాళ్ళ ఇంటి దగ్గర, వాన వెలిసింది. ముందుగదిలో కనకదుర్గ ఆ ముక్కని నేలమీద పరిచి, మూలలకి నాలుగు గులకరాళ్ళు పెట్టింది. చుట్టి ఉంచడంవల్ల అది మళ్ళీ మళ్ళీ ముడుచుకుంటోంది. పైన నాలుగు వేళ్ళ మేర అల్లిక, కింద ఒంటరి నిలువు గీతలు. పై అంచుని ఉమేష్ బ్లేడుతో కోశాడు, ఎక్కడా పీచు లేవలేదు.

ఆమె తల్లి కామమ్మ చేపలగిన్నెతో పెరట్లోకి వెళ్తూ ఆగింది. "అదేటే? చాప అంచా?"

"బొమ్మ కోసేశారమ్మా."

"ఎవుడు?"

"ఫ్రేముకి ఎక్కువైందని."

"ఆడి చెయ్యి ఇరగ." కామమ్మ క్లుప్తంగా తిట్టి, మరుక్షణమే ఇంటిపనిలోకొచ్చింది. "రేపు లీవెట్టి ఆ బొమ్మ తెచ్చీసుకుంటావా? తెచ్చి ఎక్కడెడతావు? మంచం కింద ఇప్పటికే ఏడున్నాయి. పిల్లి ఈనడానికి కూడా జాగా లేదు."

"ఇక ఎవరికీ ఇవ్వనమ్మా. వెయ్యను కూడా."

ఆ మాట అనేవరకూ అలా అనుకుంటున్నట్టు ఆమెకే తెలీదు. అన్నాక అది నిజమేనేమో అనిపించింది. ఏ జానెడు కోసం బొమ్మంతా వేస్తుందో ఆ జానెడే ఖాళీగా కనిపించే లోకంలో ఇంకేం వెయ్యాలి?

వరండాలో యర్రయ్య చిత్రిక పడుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. చేపలు కోసుకునే పీట పాడైందని, పడౌక్ చెక్క ముక్కని నున్నగా చేస్తున్నాడు. చిత్రిక ముందుకి పోయినప్పుడల్లా ఎర్రటి పొట్టు సుడి తిరిగి కాళ్ళమీద పడుతోంది. ఆ పొట్టు నానబెట్టే కనకదుర్గ తన బొమ్మల్లో అంచులకి ఎర్రరంగు తీస్తుంది. వంటింటి కిటికీ దగ్గర దానికొక డబ్బా ఉంది. అదెప్పుడూ నిండే ఉంటుంది. అమ్మ నింపుతుందనుకుంటుంది ఆమె.

చిత్రిక చప్పుడు ఆగింది. యర్రయ్య మంచినీళ్ళకి లోపలికొచ్చాడు. నేలమీది ముక్కని దాటబోయి, ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకున్నాడు.

"ఎవుడు కోసినాడు?"

"ఫ్రేము కట్టేవాడు."

ఆయన నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలు పై అంచుకి ఆనించి, చిటికెనవేలు కిందికి చాచాడు. తను కొలిచినట్టే. కాదు, తనే ఆయనలా కొలుస్తుందని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"జానెడు ఒగ్గినాడు," అన్నాడు. "నాలుగు వేళ్ళ నేత కూడా ఒగ్గినాడు. పనెరిగినోడే."

కనకదుర్గకి ఒళ్ళు మండింది. "పని తెలిసినవాడా? బొమ్మ నాశనం చేశాడు నాన్నా!"

"నాశనమేటి? గుడ్డ కొయ్యరేటి మరి?" ఆయన నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "నేసింది కోసి ఇచ్చీకపోతే మగ్గం మీదే పుచ్చిపోద్ది. కోసినాడు. నీది నీకు ఒగ్గినాడు. ఇది సాలు."

"దేనికి?"

"అతకడానికి."

పెరట్లో కామమ్మ చేప పొలుసు గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. యర్రయ్య మోకాళ్ళమీద చేతులానించి లేచి, పక్కగదిలోకి వెళ్ళాడు. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. పాత పంచె మూటతో తిరిగొచ్చి, దాన్ని ఆమె బొమ్మముక్క పక్కన పెట్టి విప్పాడు. వెదురు పళ్ళు నల్లబడ్డాయి. దారాలు గంజి ఎండి పసుప్పచ్చగా అయ్యాయి. గుడ్డ అంచులో ఎరుపు మాత్రం అలాగే ఉంది.

పక్కపక్కన పెడితే రెండూ ఒకటే. పొడవు ఒకటే. అల్లిక ఆగినచోటు ఒకటే.

"నువ్వు సగంలో వదిలేసి వచ్చావు కదా దీన్ని," అంది ఆమె.

"సగంలో ఒగ్గీసి రావడమేటే? మా ఇంట అలాటి పని లేదు. నేసినాను, కోసినాను, సావుకారికి ఇచ్చినాను. ఇది పడుగు తోక." ఆయన ఒక దారం కొసని రెండు వేళ్ళమధ్య తీసుకుని మెలి తిప్పి చూపించాడు. "కొత్త పడుగు తెచ్చి, దాని పోగు తీసి దీని పోగుకి ఇలా మెలేస్తారు. పోగు పోగుకీ. అప్పుడు లాగితే కొత్త పడుగు దానంతటదే ఈ వెదురు పళ్ళ అచ్చులోకి ఎక్కీస్తది. తోక లేకపోతే ఒక్కో పోగూ మళ్ళీ ఎక్కించుకోవాల. ఈ గుడ్డ ముక్క ఎందుకంటే, పోగులు జారిపోకుండా పట్టుకోడానికి."

కనకదుర్గ ఆ దారాలకేసి చూస్తూ ఉండిపోయింది. పదిహేనేళ్ళు. ఇరవైకి పైగా బొమ్మలు. ప్రతిదాని చివరా ఆమె ఒక మనిషి వదిలివెళ్ళడాన్ని గీసింది. మగ్గం తెలిసిన ఏ మనిషైనా దాన్ని చూసి, ఇక్కడ రేపటిపనికి అంతా సిద్ధంగా ఉందని అనుకుని ఉంటాడు. ఆ దుఃఖం నాన్నది కాదు. మరి ఎవరిది? ఇన్నాళ్ళూ ఎవరి దారాలు పట్టుకు వేలాడింది?

"మరి ఆ రోజు నన్నెందుకు కొట్టావు?"

యర్రయ్య అచ్చుని దగ్గరికి లాక్కున్నాడు. గోటితో వెదురు పళ్ళమీద ఎడమనుంచి కుడికి గీరుతూ వెళ్ళాడు. టిక్ టిక్‌మని చప్పుడు. ఎర్ర అంచు దాటింది. కొంచెం ముందుకి వెళ్ళి గోరు ఆగింది.

"ఇక్కడ పోగు లేదు."

ఆమె వంగింది. రెండు పళ్ళమధ్య సందు ఖాళీ. దానికి ఎదురుగా గుడ్డలో వెంట్రుకవాసి చీలిక, పై నుంచి కింది దాకా. ఆమెకది తెలుసు. చిన్నప్పుడే చూసింది. బొమ్మల్లో ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ సన్నని ఖాళీ గీతకి మనసులో తలుపు అని పేరు పెట్టుకుంది. నాన్న ఆ తలుపులోంచే వెళ్ళిపోయాడని.

"పోగులెక్కించినోణ్ణి నేనే," అన్నాడు యర్రయ్య. "పందొమ్మిదేళ్ళు. బుర్రంతా ఓడమీదే ఉంది. ఒక పోగు ఒగ్గీసినాను. చూసుకోలేదు. చీర పొడుగూతా సందు పడిపోనాది. సావుకారి ఎండకెత్తి పట్టుకుని పదిమందికీ చూపించినాడు. ఇదిగో, యర్రయ్య నేత, ఇందులోంచి ఊరంతా కనిపిస్తంది, అన్నాడు. నవ్వినారు." ఆయన గోరు ఆ సందులోనే ఉంది. "మా యమ్మ ఇది మూటలో ఎట్టింది. నువ్వు ఎక్కడ మగ్గమేసుకున్నా ముందు ఆ పోగు కలుపు నాయినా, అంది. ఇక్కడ మగ్గమేది? దుంగలిచ్చినారు."

తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వేమో దాన్ని ఎత్తి ఊరంతా ఏలాడదీస్తన్నావు."

"నాన్నా..."

"అన్నిట్లోనూ ఉంది. ఎడంపక్క, ఎర్రంచు దాటాక పదకొండోది. మొదటి దాంట్లో ఉంది. ఆ నీలంది పెద్దది, దాంట్లో ఉంది. మొన్న సన్యాసిరావుకిచ్చిన దాంట్లోనూ ఉంది. ఒక్కదాంట్లోనన్నా కలుపుతావేమోనని చూసేవోణ్ణి."

"నువ్వు చూశావా?"

గుమ్మంలోంచి కామమ్మ గట్టిగా నవ్వింది. చేతులనిండా పొలుసులు. "చూడ్డమేటే! నువ్వు డ్యూటీకి ఎల్లీగానే కుర్చీ ఏసుకుని, ఏలెట్టి మరీ లెక్కెడతాడు. అడ్డం ఒస్తే నన్ను కసురుతాడు. నన్ను సెప్పొద్దన్నాడు, నేను సెప్పలేదు. ఆ పొట్టు డబ్బా ఎవరు నింపుతున్నారనుకున్నావు?"

"నువ్వు చేప తోముకో," అన్నాడు యర్రయ్య.

*

సోమవారం కనకదుర్గ సెలవు పెట్టింది. తొమ్మిదింటికి సన్యాసిరావుకి ఫోన్ చేసింది.

"లారీ ఏదైనా పంపమంటావేటి బొమ్మకి?" అన్నాడాయన పొడిగా.

"వద్దండి. అక్కడే ఉంచండి. అది మీదే."

"అదేటి, మళ్ళీ?"

"కోసి ఇచ్చిందే కదండీ."

ఆయనకేమీ అర్థంకాలేదు. కానీ తేలికపడ్డాడు. "అయితే శుక్రవారం అమ్మనీ నాన్ననీ తీసుకుని రావాల. బిర్యానీ చెప్పాను," అన్నాడు. ఫోన్ పెట్టేముందు, తప్పక అన్నట్టు, "అడగాల్సింది లేమ్మా," అన్నాడు.

ఆమె కొత్త కేన్వాసు బిగించి ఇటికెలమీద పడుకోబెట్టింది. పాత ముక్కని దాని తలవైపు పరిచి, సన్నసూదితో అంచు వెంట కుట్టింది. అల్లిక పైకి, ఒంటరి గీతల కొసలు కిందికి, ఖాళీ కేన్వాసు వైపు. కుట్టడానికి గంట పట్టింది. నడుం నొప్పెట్టింది. తర్వాత కుంచె ముంచి, ఎడమ అంచు దగ్గర కూర్చుంది.

పాత గీత ఆగినచోట కుంచె కొస ఆనించాలంటే చెయ్యి మొదట ఒప్పుకోలేదు. అది ఆగిపోయేచోటని పదిహేనేళ్ళు నేర్చుకున్న చెయ్యి. ఊపిరి బిగబట్టి ఆనించి, కిందికి లాగింది. రంగు కొత్తది కాబట్టి అతుకు దగ్గర చిన్న ముడిలా చిక్కబడింది. చెరపలేదు. రెండోది. మూడోది. ఎర్ర అంచు పూర్తయింది. అంచు దాటాక ఒకటి, రెండు, మూడు. పదోది వేసి, కుంచె ఎత్తి ఆగింది.

పదకొండోదానికి పాత కొస లేదు.

వరండాలో చిత్రిక చప్పుడు ఎప్పుడాగిందో ఆమె గమనించలేదు. యర్రయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"దీన్ని దేనికి అతకాలి నాన్నా?"

"దేనికీ కాదు. అదక్కడే మొదలు."

"నువ్వు గియ్యి." ఆమె కుంచె చాచింది.

ఆయన కుంచెకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "అది నాకు రాదు." వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడనే ఆమె అనుకుంది. వీపు చూడటం అలవాటు. కానీ గోడకి వేలాడే పాత మిల్లు సంచీలో చెయ్యి పెట్టి, కొయ్యముక్కకి చుట్టిన నూలుతాడు పట్టుకొచ్చాడు. దుంగని ఏ గీతన కొయ్యాలో గుర్తుపెట్టే తాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మసి దానికింకా అంటే ఉంది. సంచీ అడుగునుంచి కొత్త నూలుచుట్ట ఒకటి తీసి, మసితాడు పక్కన పెట్టి, కొత్తదే తెంపాడు. వంటింట్లోకెళ్ళి కిటికీ దగ్గర నానుతున్న ఎర్రనీళ్ళలో ముంచాడు. పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి వేళ్ళకి రాసుకున్నాడు.

"బూడిదెందుకు?"

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. "పోగు జారదు," అన్నాడు.

తాడు ఒక కొస ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని పదో గీత పక్కన, రెండు గీతల మధ్య ఖాళీలో బొటనవేలితో అదిమిపట్టింది. ఆయన రెండో కొసతో కేన్వాసు అవతలికి వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. వెంట్రుకవాసి కుడికి జరిపాడు. మళ్ళీ చూశాడు. తాడు బిగిసింది. బిగింపు అవతలి చేతిదో ఇవతలి చేతిదో ఆమెకి తెలియలేదు.

"మధ్యలో పట్టి ఎత్తు. తిన్నగా పైకి. ఇప్పుడు ఒగ్గీ."

ఆమె వదిలింది. టప్పుమంది. ఎర్రటి తుంపర ఇద్దరి ముంజేతులమీదా పడింది.

యర్రయ్య తాడుని రెండు కొసలా ఒక్కసారే పైకి లేపి పక్కన పెట్టాడు. గీత పడింది. చేత్తో గీసిన పది గీతల పక్కన అది ఒక్కటే తిన్నగా, మిగతావాటి ఊపిరి దానికి లేకుండా, దుంగమీది గుర్తులా ఉంది. ఎవరు చూసినా వేరే చెయ్యని తెలిసిపోతుంది.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. దాన్ని గది మధ్యలో వేసి, కేన్వాసు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. బూడిద చేతులు తొడలమీద పెట్టుకున్నాడు.

"కానీ," అన్నాడు. "పన్నెండోది."